బండికి అన్నీ బాగానే ఉన్నాయి

మా పికప్ బండిని మా ఆయన కొన్న రోజున నేను పక్కనే ఉన్నాను. విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డు ముందు, ఎండలో నిలబెట్టి ఉంది బండి. అమ్మేవాడు దాని గొప్పలు చెప్పుకుపోతుంటే మా ఆయన ఒక్క మాటా చెవిన పెట్టకుండా, ఇస్త్రీ చొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని బండి కిందికి దూరిపోయారు. పెళ్ళిచూపుల్లో నన్ను ఎంతసేపు చూశారో నాకు బాగా గుర్తు. ఆ బండిని అంతకు నాలుగు రెట్లు చూశారు.

మాకు పామర్రులో టెంట్ హౌస్ ఉంది. షామియానాలు, ప్లాస్టిక్ కుర్చీలు, బల్లలు, వంట గుండిగలు అద్దెకిస్తాం. చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళయినా, ఓణీల ఫంక్షనయినా, పెద్దకర్మయినా జనం కూర్చునేది మా కుర్చీల మీదే. బండి కొనక ముందు సామాను కిరాయి ఆటోల్లో పంపేవాళ్ళం. వెళ్ళిన కుర్చీలన్నీ నాలుగు కాళ్ళతో తిరిగొచ్చిన రోజు మాకు పండగలా ఉండేది. అందుకే సొంత బండి కొన్నారు.

కొన్న నాటి నుంచి ఆయన దినచర్య మారిపోయింది. పొద్దున్నే లేచి బండి చుట్టూ ఒక ప్రదక్షిణ. టైర్లను కాలితో తట్టి, చప్పుడు వింటూ గాలి సరిపోయిందో లేదో చెప్పేవారు. బానెట్ ఎత్తి, ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి, తన భుజం మీది తువ్వాలుతోనే తుడిచి, మళ్ళీ ముంచి చూసేవారు. ఆ తువ్వాలు ఉతికేది నేను. రేడియేటర్‌లో నీళ్ళు, బ్యాటరీ కొసల మీద తెల్లటి పొట్టు, బ్రేక్ ఆయిల్, వెనక లైట్లు అన్నీ వరసగా చూసేవారు. చివరి పని నాది. నేను వెనక నిలబడి ఉంటే ఆయన లోపల కూర్చుని బ్రేకు తొక్కి "వెలిగిందా?" అని కేకేసేవారు. "వెలిగిందండీ" అనాలి. ఏళ్ళ తరబడి రోజూ ఈ ప్రశ్నకి ఇదే జవాబు చెప్పాను. ఆ బ్రేకు లైట్లు ఒక్కసారైనా వెలక్కపోతే బాగుండునని, కనీసం ఒక కొత్త మాట మాట్లాడే అవకాశం వస్తుందని కూడా అనుకున్నాను.

రోడ్డు మీద ఆయన నిష్ఠ ఇంకా ఎక్కువ. సీటు బెల్టు పెట్టుకోకపోతే నన్ను కూడా దించేస్తానని బెదిరించేవారు. ఫోను మోగితే ఎడమ పక్కకి తీసి, ఆపి, అప్పుడు ఎత్తేవారు. వెనక కుర్చీల మీద మనుషుల్ని మాత్రం ఎక్కనిచ్చేవారు కారు. పెళ్ళివారు బతిమాలేవారు. "గుడిదాకే కదండీ, పది మంది ఆడవాళ్ళం, ఎక్కించుకోండి" అంటే "అమ్మా, ఇది సామాను బండి. మిమ్మల్ని సామాను కింద జమకట్టలేను" అనేవారు. మా దగ్గర షామియానాలు కట్టే ఇద్దరు మనుషులు కూడా వేరే ఆటోలో రావలసిందే. వాళ్ళు వెనక విసుక్కునేవాళ్ళు. నేను మాత్రం ఊరంతా చెప్పుకునేదాన్ని, మా ఆయనంత జాగ్రత్తపరుడు ఈ మండలంలో లేడని.

అలాంటి మనిషి ఓ వేసవిలో, పెళ్ళయిన ఇరవై రెండేళ్ళకి, నన్ను రోజూ బండిలో తీసుకెళ్ళడం మొదలుపెట్టారు.

"కొట్లో ఒక్కదానివే కూర్చుని ఏం చేస్తావు? రా, నువ్వు పక్కనుంటే బాగుంటుంది" అన్నారు.

ఈ మాట ఆయన నోటి నుంచి వస్తుందని నేను ఎప్పుడూ అనుకోలేదు. మా తోడికోడలికి ఫోన్ చేసి, వేరే సంగతి మాట్లాడుతున్నట్టు మాట్లాడి, మధ్యలో ఈ మాట దొర్లించాను. ఆవిడ "మీ బావగారు నన్ను బజారుకి కూడా తీసుకెళ్ళరు" అంది. నాకు చాలా జాలేసింది. ఆ జాలి ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

అప్పటి నుంచి కాస్త మంచి చీర కట్టుకుని, తల్లో పూలు పెట్టుకుని, డబ్బాలో ఏదైనా తినడానికి సర్దుకుని బండెక్కేదాన్ని. ఆయన కూడా మాటకారి అయిపోయారు. ఇంట్లో రోజుకి పది మాటలు మాట్లాడే మనిషి బండిలో మాత్రం ఆగకుండా ఏదో ఒకటి అడిగేవారు.

"అక్కడ వచ్చేది బస్సా, లారీనా?"

"బస్సండీ."

"ఆ ఫ్లెక్సీ మీద ఏం రాశారే?"

"ఎవరిదో పుట్టినరోజండీ."

"ఆ సైకిలాయన పక్కకి తీశాడా, లేదా?"

"తీశాడు తీశాడు."

ఇదంతా కబుర్లనుకున్నాను. దారిలో కనిపించే ప్రతిదాని గురించీ భార్యతో ముచ్చటించే మొగుళ్ళు ఎంతమంది ఉంటారు? నేను కూడా ఉత్సాహంగా అడిగినదానికన్నా ఎక్కువే చెప్పేదాన్ని. గేదెలు రోడ్డు దాటుతున్నాయని, ముందు ట్రాక్టరు గడ్డి మోపులతో వస్తోందని, ఎవరింటి ముందో కొత్త కారు ఉందని. కారు సంగతికి ఆయన ఊ కొట్టేవారు కాదు. గేదెల సంగతికి మాత్రం వెంటనే బ్రేకు వేసేవారు. ఆ తేడా నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకా కొన్ని మార్పులొచ్చాయి. పొద్దు వాలాక బండి తీయడం మానేశారు. "ఇంటిపట్టున ఉందాం, కుర్చీలు రేపు పొద్దున తెచ్చుకుందాం" అనేవారు. వయసుతోపాటు సంసారం మీద మమకారం పెరుగుతోందనుకున్నాను. పేపరు చదవడం మానేశారు. "అన్నీ అబద్ధాలే రాస్తున్నారు" అన్నారు. నిజమే అనుకున్నాను. బండి వేగం బాగా తగ్గించారు. వెనక వచ్చే ఆటోలవాళ్ళు హారన్లు కొట్టి, తిట్టి, దాటి వెళ్ళిపోయేవాళ్ళు. నేను వాళ్ళ వైపు తల పైకెత్తి చూసేదాన్ని. ఆ మధ్యలోనే ఆయన లైసెన్సు గడువు తీరింది. డాక్టరు సర్టిఫికెట్టు ఏజెంటు తెచ్చిపెట్టాడు, చూపు సరిగ్గా ఉందని తనే రాసి ఇవ్వాల్సిన కాగితం ఇంకొకటుంది. అది నింపింది నేనే, సంతకం ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించింది కూడా నేనే.

రెండేళ్ళు ఇలా గడిచాయి.

మార్గశిరంలో ఒక పెళ్ళికి సామాను వేసుకుని కాలవ గట్టు రోడ్డు మీద వెళ్తున్నాం. పొద్దున పది గంటలయి ఉంటుంది. కోతల రోజులు కావడంతో రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోశారు. ధాన్యం మీదికి బళ్ళు రాకుండా అంచున పెద్ద పెద్ద రాళ్ళు పెట్టడం మా వైపు మామూలే. రెండో పక్క కాలవ. మధ్యలో మిగిలిన దారిలో మా బండి అతి కష్టం మీద పడుతుంది.

నేను బత్తాయి ఒలుస్తున్నాను. తొక్క గట్టిగా ఉంది. ఆయన ఏదో అడిగినట్టున్నారు, నేను వినలేదు. ఒక్క బత్తాయి ఒలిచినంతసేపు ఆ బండి ఎవరూ చూడకుండానే నడిచింది.

ముందు రాయి తగిలింది. చక్రం రాయి ఎక్కి దిగి ధాన్యంలోకి పోయింది. ఆయన కంగారుగా కుడివైపు తిప్పారు. కుడివైపు కాలవ. నేను బత్తాయి వదిలేసి "అండీ! కాలవ! కాలవ!" అని అరిచాను. ఆయన బ్రేకు మీద నిలబడ్డారనే చెప్పాలి. బండి గట్టు అంచున ముందు చక్రం ఆనించి ఆగిపోయింది. ఆగింది కానీ ఒక పక్కకి ఒరిగింది. వెనక కుర్చీల దొంతరలు కదిలాయి. ఆ రోజు తాళ్ళు కట్టింది ఆయనే. ఒక పక్క కొక్కేనికి తాడు తగలనే లేదని తర్వాత తెలిసింది, చేత్తో తడుముకుంటూ కట్టి అయిపోయిందనుకున్నారు. దొంతరలు ఒకదాని వెనక ఒకటి కాలవలోకి జారాయి. నడుం లోతు నీళ్ళే ఉన్నాయి. మా ఎర్ర కుర్చీలు కొన్ని కాళ్ళు పైకెత్తి, కొన్ని బోర్లా తేలి, పెళ్ళికి తామే ముందు బయల్దేరినట్టు కాలవలో సాగిపోయాయి.

మాకిద్దరికీ దెబ్బలేమీ తగల్లేదు. బెల్టుల వల్ల. చెప్పుకోవాలి కదా.

ధాన్యం తాలూకు ముసలావిడ చీపురు చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. పొలాల్లోంచి నలుగురైదుగురు మగవాళ్ళు కూడా వచ్చారు. మా ఆయన బండి దిగి, బానెట్ పట్టుకుని చుట్టూ నడిచి, రోడ్డు పక్కన ఒక రాయి తడిమి చూసుకుని దాని మీద కూర్చున్నారు. ముసలావిడ ఆయన ముందు నిలబడి చీపురు ఎత్తింది.

"ఇంత రోడ్డుంది, ఇంత ధాన్యం ఉంది, ఏమయ్యా, నీకు కళ్ళు కనపడటంలా?"

రోడ్డు మీద ఎవరు ఎవరిని తిట్టినా ముందు వచ్చే మాట అదే. జవాబు కోసం ఎవరూ అడగరు. మా ఆయన మాత్రం తలెత్తి ఆవిడ గొంతు వచ్చిన వైపు చూసి, మెల్లగా జవాబు చెప్పారు.

"కనపడటం లేదమ్మా."

ఆవిడ చీపురు దించేసింది. వచ్చిన మగవాళ్ళలో ఒకాయన నవ్వబోయి ఆగిపోయాడు.

"ఏంటి నాయనా?" అంది ఆవిడ, ఈసారి వేరే గొంతుతో.

"నిజంగానే కనపడటం లేదు. రెండేళ్ళయింది. అంతా మంచు కమ్మినట్టుంటది. మీ రాళ్ళు నాకు అసలు కనపళ్ళేదు."

ఆవిడ చీపురు చంకలో పెట్టుకుని, ఆయన గడ్డం పట్టి మొహాన్ని ఎండ వైపు తిప్పి, బొటనవేలితో కనురెప్ప పైకి లాగి చూసింది. రెండో కన్నూ అలాగే చూసింది. "పొరలు. రెండిట్లోనూ ముదిరిపోయినయ్. నాకూ ఇట్టాగే వచ్చినయ్. నిరుడు తీయించుకున్నా. ఇప్పుడు గింజలో రాయి ఏరతన్నా చూడు" అని, నా వైపు తిరిగి "నువ్వెవరమ్మాయ్, పెళ్ళానివా? నీక్కూడా తెలీదా?" అంది.

తెలీదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తెలుసని అబద్ధం చెప్పడం దానికన్నా నయమనిపించింది. రెండూ చెప్పకుండా కాలవ వైపు చూస్తూ నిలబడ్డాను. అక్కడ ముగ్గురు మగవాళ్ళు లుంగీలు ఎగ్గట్టి మా కుర్చీలు పట్టుకుంటున్నారు.

కుర్చీల్లో చాలా మటుకు దొరికాయి. ఒక ట్రాక్టరాయన మా బండిని వెనక్కి తీసి, మమ్మల్ని, సామానుని పెళ్ళివారింటి దాకా తీసుకెళ్ళి, అక్కణ్ణుంచి బండితో సహా ఇంటికి చేర్చి వెళ్ళాడు. ధాన్యం నష్టానికి ఏమన్నా ఇస్తామంటే ముసలావిడ ఒప్పుకోలేదు. "ముందు కళ్ళు చూపించుకో. ఆ తర్వాత వచ్చి నా ధాన్యం ఎంత పాడుచేశావో నీ కళ్ళతో చూసి ఇద్దువుగాని" అంది.

ఇంటికొచ్చాక నేను పెద్దగా అరవలేదు. అరవడానికి కూడా కొంత తెలియాలి. ఏ ఒక్క తప్పుకి అరవాలో తెలియక, పెళ్ళికి పనికిరాక వెనక్కి తెచ్చిన కుర్చీలు కడుగుతూ కూర్చున్నాను. ఆయన వచ్చి పక్కన నిలబడ్డారు.

"ఎప్పట్నించి?" అన్నాను.

"పోయినేడాది కాక, అంతకుముందు మామిడికాయలప్పుడు."

"అప్పుడేగా నన్ను పక్కన కూర్చోమన్నారు?"

ఆయన భుజం మీది తువ్వాలు తీసి ఒక తడి కుర్చీ తుడవడం మొదలుపెట్టారు.

"పక్కనుంటే బాగుంటుందన్నారు."

"బాగుండేదే" అన్నారు.

"ఎందుకు బాగుండదు? బస్సొస్తే బస్సనీ, లారీ వస్తే లారీ అనీ చెప్పే మనిషి ఉంటే ఎవరికి బాగుండదు? నేను పూలు పెట్టుకుని మరీ వచ్చాను."

"పూలు పెట్టుకోమని నేను చెప్పలేదే" అన్నారాయన, నిజంగానే ఇదేంటో అర్థం కానట్టు. అప్పుడు అరిచాను. వీధి చివర కిరాణా కొట్టాయన బయటికొచ్చి చూసేంత గట్టిగా అరిచాను. అంతా అయ్యాక ఆయన చెప్పిందేమిటంటే, కంటికి కత్తి పెడతారంటే భయమని, కళ్ళు పోయాయని తెలిస్తే బండి ఆపేస్తారని, బండి ఆగితే టెంట్ హౌస్ ఆగుతుందని. చివర్లో ఇంకో మాట కూడా అన్నారు. "బ్రేకులు చూశావా? నెల క్రితమే లైనర్లు మార్పించా. జానెడు దూరంలో ఆగింది. అదే వేరే బండయితేనా, ఇద్దరం నీళ్ళలో ఉండేవాళ్ళం." ఆ గొంతులో గర్వం ఉంది.

నాలుగు రోజుల తర్వాత ఒక డ్రైవరును మాట్లాడుకుని బండిని ఆటోనగర్ తీసుకెళ్ళాం. ముందు చక్రం కాస్త వంకరపోయింది. బండి కొన్న నాటి నుంచి దాన్ని చూసే మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. మా ఆయన టీ తాగడానికి వెళ్ళినప్పుడు జరిగింది ఆయనతో చెప్పాను. మేస్త్రీ చేతిలో స్పానర్ కింద పెట్టి కాసేపు చేతులు తుడుచుకున్నాడు.

"అమ్మగారూ, మీకో సంగతి చెబుతా. పోయినేడు లైట్లు మసగ్గా ఉన్నయ్యని వచ్చారు. బల్బులు మార్చా. మళ్ళీ వచ్చారు. వైరింగు చూశా, బ్యాటరీ చూశా, అన్నీ బాగానే ఉన్నయ్. మళ్ళీ వచ్చారు, లైట్లు మొత్తం కొత్తవి వేయమన్నారు. వేశా."

"తర్వాత?"

"అద్దం మసగ్గా ఉందన్నారు. పాలిష్ పెట్టా. తగ్గలేదన్నారు. వైపర్లు గీతలు పెడుతున్నయ్యని వైపర్లు మార్పించారు. ఆఖరికి ముందద్దం తీసేసి కొత్తది వేయించారు. ఆ కొత్తద్దం బిగించిన రోజు కూర్చుని చూసి 'ఇది కూడా అంతేనయ్యా, ఈ రోజుల్లో అద్దాలు సరిగ్గా చేయటం లేదు' అన్నారు."

"మరి మీకు అనుమానం రాలేదా?"

"వచ్చిందండీ. ఆయిల్ ఎంతుందో నన్నే చూడమనేవారు, గీత ఎంతవరకుందయ్యా అని. కానీ పెద్దాయన. బండి గురించి నాకే పాఠాలు చెప్పే మనిషి. మీకు కళ్ళు సరిగ్గా లేవండీ అని ఎట్టా చెప్పమంటారు?"

నేను ఆయన్ని తప్పుపట్టలేకపోయాను. ఆయన నెలకొకసారి చూశాడు, నేను రోజూ చూశాను.

అక్కణ్ణుంచి నేరుగా కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను. డాక్టరమ్మ చిన్నావిడ, మా ఆయనకి కూతురి వయసుంటుంది. గోడ మీద వెలుగుతున్న అక్షరాల ముందు ఆయన్ని కూర్చోబెట్టి చదవమంది. నేను పక్కన బెంచీ మీద కూర్చున్నాను. ఆయన కాసేపు ముందుకు వంగి, వెనక్కి జరిగి, ఆ తర్వాత పెదాలు కదలకుండా నన్ను అడిగారు.

"పైది ఏంటే?"

రెండేళ్ళ అలవాటు. 'గ' అని నా నోట్లో దాకా వచ్చింది. మింగేశాను. ఆయన అడిగినదానికి నేను జవాబు చెప్పకపోవడం అదే మొదటిసారి. ఆయన తల నా వైపు తిప్పారు. ఆ చూపు నేను మరిచిపోలేను, నన్ను చూడలేని చూపే అయినా.

"ఏం చేస్తుంటారండీ?" అంది డాక్టరమ్మ రాసుకుంటూ.

"బండి నడుపుతాను" అన్నారు.

ఆవిడ రాయడం ఆపింది. "ఈ చూపుతోనా? ఎవరన్నా పక్కనుంటారా?"

"నేనుంటానండీ" అన్నాను. ఆవిడ నా వైపు చూసి ఏమీ అనలేదు. అంటేనే బాగుండేది.

పుష్యమాసంలో పెళ్ళిళ్ళు ఉండవు కాబట్టి ఒక కంటికి అప్పుడే ఆపరేషన్ చేయించాం. కంటికి కత్తి అని రెండేళ్ళు వణికిన మనిషి బయటికి వచ్చి "అయిపోయిందా? మొదలుపెట్టలేదనుకున్నా" అన్నారు. రెండో కన్ను నెల దాటాక చేస్తామన్నారు. తను చెప్పేవరకూ స్టీరింగ్ ముట్టుకోవద్దని డాక్టరమ్మ ఆయనతో కాకుండా నాతో చెప్పింది.

మాఘంలో మళ్ళీ పెళ్ళిళ్ళు మొదలవుతాయి. మాట్లాడుకున్న డ్రైవరు రెండు రోజులు వస్తే మూడు రోజులు రాడు. అందుకని నేనే నేర్చుకుంటానన్నాను. నలభై ఆరేళ్ళ మనిషిని, అంతకుముందు స్కూటీ తప్ప ఏదీ నడపలేదు. మా ఆయన నవ్వలేదు, వద్దనలేదు. "క్లచ్ ప్లేట్లు పోతాయి" అన్నారంతే.

ఆ క్లచ్ ప్లేట్ల మీద బెంగతోనే నన్ను విజయవాడలో డ్రైవింగ్ స్కూల్లో చేర్పించారు, ముందు వాళ్ళ కారు మీద నేర్చుకోమని. నేర్పే ఆయన చాలా ఓపికమంతుడు. బెంజి సర్కిల్ దగ్గర నేను బండి ఆపేసి, స్టార్టు కాక, నాలుగు వైపులా హారన్లు మోగుతుంటే, కిటికీలోంచి తల బయటపెట్టి "నేర్చుకుంటున్నారండీ, మీ ఇంట్లోవాళ్ళూ ఇట్టాగే నేర్చుకున్నారు" అని అందరికీ సర్దిచెప్పేవాడు. నెలన్నరకి లైసెన్సు వచ్చింది. పరీక్షలో బండి వెనక్కి తీయమన్నారు. రెండు కర్రల మధ్య నుంచి తగలకుండా తీశాను. దిగి చూసుకుంటే నా చేతి గాజులు రెండు స్టీరింగుకి తగిలి పగిలిపోయి ఉన్నాయి. అది నాకు తెలియనే లేదు.

ఈలోగా మా ఆయనకి ఒక కంటి చూపు వచ్చింది. దానితో ఇంట్లో మనశ్శాంతి పోయింది.

మొదట నన్ను చూసి "నీ జుట్టు ఎప్పుడు నెరిసిందే?" అన్నారు. మీరు అద్దాలు మార్పిస్తున్నప్పుడు, అన్నాను. తర్వాత గోదాంలోకి వెళ్ళి షామియానా ఒకటి విప్పి, "ఇది తెల్లగుడ్డ కాదా? ఈ మరకలేంటి? వీటినా మనం పెళ్ళిళ్ళకి ఇచ్చేది?" అని గోల. ఆ తర్వాత వాకిట్లోకి వెళ్ళి బండి ముందు నిలబడ్డారు. చాలాసేపు కదల్లేదు. మా బండి తెలుపు. డ్రైవరు వైపు తలుపు మాత్రం మీగడ రంగులో ఉంటుంది. ఏడాది క్రితం దానికి సొట్టపడితే బాగుచేయించి రంగు వేయించారు.

"ఎవడే ఈ రంగేసింది?"

"మీరే పక్కన నిలబడి వేయించారండీ. పాతదీ కొత్తదీ ఒకటే రంగని మీరే అన్నారు."

"నువ్వు చూశావుగా? చెప్పొద్దూ?"

"ఈ మధ్య ఇదే ఫ్యాషనేమో అనుకున్నాను" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. ఆయన ఏదీ తెలియక చేయరని నా నమ్మకం. కాలవ దాకా తీసుకెళ్ళింది ఆ నమ్మకమే.

చూపొచ్చాక చేసిన మొదటి ప్రయాణం ఆ ముసలావిడ ఊరికే. బండి నేనే నడిపాను. ధాన్యం ఎప్పుడో మిల్లుకి వెళ్ళిపోయింది, చూడ్డానికి ఏమీ లేదు. ఆవిడ మా ఆయన కన్ను మళ్ళీ ఎత్తి చూసి, డాక్టరు తనే అయినట్టు "బాగా చేశారు" అంది. ఆవిడ మనవరాలి ఓణీల ఫంక్షనుకి సామానంతా మేమే పంపాలని, అద్దె అడగకూడదని అక్కడికక్కడే తేల్చేసింది. మేము ఒప్పుకున్నాం.

రెండో కన్ను కూడా అయ్యాక, వైశాఖంలో డాక్టరమ్మ "ఇక నడుపుకోవచ్చు" అని కాగితం రాసిచ్చింది. ఆ కాగితం ఆయన జేబులో పెట్టుకుని ఊళ్ళో అందరికీ చూపించారు. మర్నాడు ఒక పెళ్ళికి సామాను ఎక్కించాం. పొద్దున్నే స్నానం చేసి, బండి చుట్టూ తిరిగి, ఆయిల్ గీత తనే చూసుకుని స్టీరింగు ముందు కూర్చున్నారు. నేను పక్కన కూర్చుని, పూలు పెట్టుకోకుండా, సీటు బెల్టు బిగించుకున్నాను.

పెద్దరోడ్డు మీద కాసేపు బాగానే సాగింది. ఒక బస్సు ఎదురొస్తే ఆయన బాగా ఎడమకి జరిగారు. ఇంకో లారీ వచ్చింది. రోడ్డు దిగిపోయేంత పక్కకి తీశారు. కాలవ గట్టు మీదికి తిరిగిన తర్వాత ఫర్లాంగు కూడా పోకుండా బండి ఆపేశారు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"ఏమయిందండీ?"

"ఈ రోడ్డు ఇంత ఇరుగ్గా ఎప్పుడైందే?"

"ఎప్పుడూ ఇంతేనండీ."

"కాలవ ఇంత దగ్గరగా ఉందా?"

"ఇక్కడే ఉంది."

"ఆ బస్సాయన్ని చూశావా? ఎంత దగ్గర్నుంచి పోయాడు! రెండేళ్ళూ వీళ్ళంతా ఇట్టాగే పోయారా మన పక్కనించి?"

"ఇట్టాగే పోయారు. నేను చెబుతూనే ఉన్నాగా, బస్సండీ, లారీ అండీ అని."

"నువ్వు బస్సని చెప్పావు గానీ, ఇంత పెద్దదని చెప్పలేదే" అన్నారు.

కళ్ళు లేనప్పుడు ఈ రోడ్డు మీద అంత ధీమాగా నడిపిన మనిషి, కళ్ళొచ్చాక అదే రోడ్డు చూసి హడలిపోతున్నారు. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఆ రెండేళ్ళ భయమంతా ఆయన ఇప్పుడు ఒక్కసారిగా పడుతున్నారు. కాసేపు ఆగి తలుపు తీసుకుని దిగి, బండి ముందు నుంచి చుట్టూ తిరిగి నా వైపు వచ్చారు.

"జరుగు. గట్టు దాటిందాకా నువ్వు నడుపు."

గట్టు దాటాక కూడా ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు.

పెళ్ళింటికి అరగంట ఆలస్యంగా చేరాం. పెళ్ళివారు ఎండలో నిలబడి మా కోసం చూస్తున్నారు. గబగబా సామాను దించి, షామియానా కట్టించి, కుర్చీలు వేయించాం. పన్లయ్యాక పెళ్ళికూతురి పెదనాన్నగారనుకుంటాను, ఒక పెద్దమనిషి మా ఆయన దగ్గరికి వచ్చి "డ్రైవరు గారూ, రండి, ముందు టిఫిను చేద్దురుగాని. అమ్మగారూ, ఆడవాళ్ళు లోపలున్నారు, మీరు లోపలికి వెళ్ళండి" అన్నారు.

మా ఆయన కదల్లేదు. "డ్రైవరు ఆవిడండీ. నాది సామాను" అన్నారు.

ఆ పెద్దమనిషి మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. మా కుర్చీలే. గారెలు వేడిగా ఉన్నాయి. మా ఆయన తన గారెని ప్లేటులో తిప్పి తిప్పి చూసి, "చాలా ఎర్రగా వేయించారు" అని మెచ్చుకుని, ఇంకో రెండు వేయమని అడిగారు.